క్రేజీ హార్ట్: తాగుడు మానేశాక కూడా జీన్ ఎందుకు తలుపు తీయలేదు?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. 2009లో వచ్చిన 'క్రేజీ హార్ట్' చూశారు. పేరంతా పోగొట్టుకున్న పాతకాలపు కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) గాయకుడు బ్యాడ్ బ్లేక్ తాగుడు మానేశాడు, క్షమించమన్నాడు, చాలా ఏళ్ళకి ఒక మంచి పాట రాశాడు. అయినా అతను ప్రేమించిన జీన్ అతన్ని మళ్ళీ తన జీవితంలోకి రానివ్వలేదు. మనిషి మారాక కూడా ఈ శిక్షేమిటి, పాట పుట్టడానికి ఆమెను వాడుకుని పక్కన పెట్టేశారా అన్నది మీ మొదటి ప్రశ్న. 1983 నాటి 'టెండర్ మెర్సీస్' కూడా ఇదే కథట, మళ్ళీ అది చూడాలా అన్నది రెండోది.

నేను 23 ఏళ్ళు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మ్యూజిక్ పార్టీల్లో గిటారు వాయించాను. పెళ్ళిళ్ళు, దసరా పందిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఏది పిలిస్తే అది. కంట్రీ సంగీతం నేను వాయించింది కాదు, విని నేర్చుకున్నది. కానీ రాత్రి ప్రోగ్రాం, తెల్లవారుజామున ప్రయాణం, మధ్యలో సీసా... ఆ బతుకు మాత్రం దగ్గరి నుంచి చూశాను. అందుకే ఈ సినిమా మళ్ళీ మళ్ళీ చూశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. జీన్ అతనికి శిక్ష వేయలేదు. తన పిల్లాణ్ణి కాపాడుకుంది. ఆమె ఆ ఒక్క పనీ చేయకపోతే ఈ సినిమాలో మిగతాదంతా అబద్ధమైపోయేది.

మొదటి సీను గుర్తు చేసుకోండి. కొలరాడోలో ప్యూబ్లో అనే ఊరు. 57 ఏళ్ళ బ్యాడ్ పాత షెవర్లే బండిని ఎంతో దూరం నుంచి తోలుకుంటూ వచ్చి దిగుతాడు. దారిలో సీసాలో పోసుకున్న మూత్రాన్ని పార్కింగ్‌లో పారబోస్తాడు. ప్యాంటు బెల్టు ఊడి వేలాడుతుంటుంది. ఆ రాత్రి అతను పాడాల్సింది ఒక బౌలింగ్ హాల్లో. ఖాతా మీద మందు ఇవ్వడానికి కుదరదు, కావాలంటే ఎంతసేపైనా ఉచితంగా బౌలింగ్ ఆడుకోండి అంటాడు అక్కడి యజమాని. ఒకప్పుడు పెద్ద పెద్ద స్టేజీలు చూసిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో, బ్యాడ్‌గా వేసిన జెఫ్ బ్రిడ్జెస్ ముఖంలో చూడాలి.

బ్యాడ్‌కి సొంత బ్యాండ్ లేదు. ఏ ఊరు వెళితే ఆ ఊరి కుర్రాళ్ళే వెనక వాయిస్తారు. ఇది మాకు బాగా అలవాటైన పని. హైదరాబాద్ నుంచి పేరున్న గాయకుడు వస్తున్నాడంటే పాటల లిస్టు ముందు రోజు చేతికి వస్తుంది. ఏ పాట ఏ శ్రుతిలో పాడతాడో రాసుకుంటాం, సాయంత్రం ఒక గంట రిహార్సల్, అంతే. ఆయన ఎలా పాడితే అలా వెనక నడుస్తాం. సినిమాలో బ్యాడ్ పాట మధ్యలో వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, చెత్త డబ్బాలో వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి పాట అందుకుంటాడు. నేను ఆ సీను చూసినప్పుడల్లా స్టేజీ మీది కుర్రాళ్ళనే చూస్తాను. వాళ్ళు ఆపరు, వాయిస్తూనే ఉంటారు.

మేమూ సరిగ్గా అదే చేశాం. మా ట్రూపులో ఒక పెద్దాయన ఉండేవారు. ఘంటసాల పాటలు ఆయన గొంతులో వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చేవాళ్ళు. తాగుడు ముదిరాక చరణం మర్చిపోవడం మొదలైంది. ఆయన ఆగిపోగానే నేను బిట్టు రెండోసారి వాయించేవాణ్ణి. కీబోర్డు అతను మైకు లాక్కుని పల్లవి ఎత్తుకునేవాడు. జనం ఇదంతా స్టైల్ అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఏడెనిమిదేళ్ళు అలా నెట్టుకొచ్చాం. ఆయనకి సాయం చేస్తున్నామనే నమ్మాం. ఒక్క ప్రోగ్రాం అయినా చెడిపోయి ఉంటే, అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి వచ్చి ఉంటే, బహుశా ఇంకా ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళేవారు. గొంతులో సత్తా ఉన్నవాడి జబ్బు చాలాకాలం బయటపడదు. బ్యాడ్ బ్లేక్‌ది కూడా అదే పరిస్థితి. ఎంత తాగినా స్టేజీ ఎక్కితే పాడగలడు కాబట్టి, తాను బాగానే ఉన్నానని అనుకుంటూ ఉంటాడు.

డబ్బు సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే చివరి సీను అర్థం కావాలంటే ఇది తెలియాలి. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో ఒక పాట వేస్తే, పాట రాసినవాళ్ళకీ పబ్లిషర్‌కీ డబ్బు వస్తుంది. పాడినవాళ్ళకి ఆ రేడియో నుంచి ఏమీ రాదు. స్టేజీ మీద పాడితే ఆ రాత్రి కూలి మాత్రమే దక్కుతుంది. అదే కొత్త పాట రాస్తే, దాన్ని ఇంకెవరు పాడినా డబ్బు వస్తుంది. బ్యాడ్ చాలాకాలంగా కొత్త పాట రాయడం మానేశాడు. అందుకే మేనేజరు మాటిమాటికీ టామీ స్వీట్ కోసం పాటలు రాయమని పోరుతుంటాడు. టామీ ఒకప్పుడు బ్యాడ్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు పెద్ద స్టార్. ఆ పాత్ర కోలిన్ ఫారెల్ వేశాడు.

టామీని విలన్‌గా చూపించకపోవడం నాకు ఈ సినిమాలో ఎంతో నచ్చిన విషయం. గురువును మింగేసిన శిష్యుడి కథ మనం చాలా చూశాం. ఇక్కడ టామీకి నిజంగానే గురువు మీద గౌరవం ఉంది. ఫీనిక్స్ ప్రోగ్రాంలో బ్యాడ్ ముందు పాడుతుంటే టామీ స్టేజీ మీదికి వచ్చి గొంతు కలుపుతాడు. ప్రేమతోనే వచ్చాడు. కానీ అతను రాగానే జనం కేకలు ఆకాశాన్నంటుతాయి, ఆ కేకలు తనకి కాదని బ్యాడ్‌కి తెలుసు. అంతకుముందు సౌండ్ చెక్‌లో బ్యాడ్ మిక్సర్ అబ్బాయితో గొడవ పడతాడు చూడండి. ముందు పాడేవాళ్ళ సౌండ్ కాస్త తగ్గించి ఉంచితే తర్వాత వచ్చే స్టార్ పాట ఇంకా గొప్పగా వినిపిస్తుంది. ఇది మైకు పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. స్టేజీ తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని రాయించారనిపించే సీను అది.

నిజంగానే తెలిసినవాళ్ళు పక్కన ఉన్నారు. థామస్ కాబ్ 1987లో రాసిన నవల ఆధారంగా స్కాట్ కూపర్ దీన్ని తీశాడు. దర్శకుడిగా అతనికి ఇదే మొదటి సినిమా. కథ మొదట దగ్గరికి వచ్చినప్పుడు జెఫ్ బ్రిడ్జెస్ ఒప్పుకోలేదు. అందులో పాటలు లేవు. పాటగాడి సినిమాలో పాటలు బాగోకపోతే ఇంకేం మిగులుతుంది? తన పాత స్నేహితుడు టీ బోన్ బర్నెట్ సంగీతం చేస్తానన్నాకే సరే అన్నాడు. బర్నెట్ తన చిన్ననాటి స్నేహితుడు స్టీఫెన్ బ్రూటన్‌ని వెంట తెచ్చుకున్నాడు. బ్రూటన్ ఎన్నో ఏళ్ళు పేరున్న కంట్రీ గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ వెనక గిటారు వాయించినవాడు, ఈ రోడ్డు బతుకు అణువణువూ తెలిసినవాడు. గొంతు క్యాన్సర్‌తో 2009 మే నెలలో, సినిమా విడుదల కాకముందే చనిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. ఆ పాటలు వింటుంటే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

ఇంకో సంగతి. బౌలింగ్ హాల్లో బ్యాడ్ వెనక వాయించే కుర్ర బ్యాండుకి నాయకుడిగా కనిపించిన అబ్బాయి రయాన్ బింగమ్. బ్యాడ్ రాసినట్టు సినిమాలో చూపించే 'ది వియరీ కైండ్' పాటని బయట నిజంగా రాసింది అతనే, బర్నెట్‌తో కలిసి. దానికి 2010లో ఆస్కార్ వచ్చింది. బ్రిడ్జెస్‌కి ఉత్తమ నటుడి అవార్డు కూడా అప్పుడే వచ్చింది. అంతకుముందు నాలుగుసార్లు నామినేషన్ దాకా వచ్చి ఆగిపోయాడు.

ఇక జీన్ దగ్గరికి వద్దాం. సాంటా ఫేలో చిన్న పత్రికకి రాసే అమ్మాయి. నాలుగేళ్ళ కొడుకు బడ్డీని ఒంటరిగా పెంచుకుంటోంది. మ్యాగీ జిలెన్‌హాల్ చేసింది. ఆమె బ్యాడ్‌ని మొదటి నుంచీ అడిగింది ఒక్కటే, పిల్లాడి ముందు తాగొద్దని. అంతకు మించి ఏ షరతూ పెట్టలేదు.

బ్యాడ్‌కి కూడా ఒక కొడుకున్నాడు. ఇప్పుడు 28 ఏళ్ళు. వాడికి నాలుగేళ్ళప్పుడు వదిలేసి వచ్చాడు, 24 ఏళ్ళుగా ముఖం చూడలేదు. బడ్డీ వయసు కూడా నాలుగే. సినిమా ఈ లెక్కని ఎక్కడా గట్టిగా చెప్పదు, మనమే పట్టుకోవాలి. బడ్డీతో ఆడుకునేటప్పుడు బ్యాడ్ ముఖంలో కనిపించే సంతోషం అందుకే అంత నిజంగా ఉంటుంది. పోయిన కొడుకు నాలుగేళ్ళవాడిగానే తిరిగొచ్చినట్టు ఉంటుంది అతనికి. ఒకరోజు ధైర్యం చేసి అసలు కొడుకుకి ఫోన్ చేస్తాడు. అమ్మ చనిపోయిందని ఆ అబ్బాయి చెబుతాడు. కలుద్దామంటే ఒప్పుకోడు. జీన్ తీసుకోబోయే నిర్ణయానికి ఈ ఫోన్ కాల్ ముందే గంట కొట్టింది, మనమే వినిపించుకోలేదు.

తర్వాత హ్యూస్టన్, బ్యాడ్ ఉండే ఊరు. జీన్ కొడుకుని తీసుకుని అక్కడికి వస్తుంది. బడ్డీని చూసుకుంటానని బ్యాడ్ మాల్‌కి తీసుకెళ్తాడు. బార్ దగ్గర ఆగుతాడు. ఒక్క గ్లాసు కోసమే. తిరిగి చూసేసరికి పిల్లాడు లేడు. అక్కడి నుంచి కొన్ని నిమిషాలు నాకు ఊపిరాడదు, ఎన్నిసార్లు చూసినా అంతే టెన్షన్. పిల్లాడు దొరుకుతాడు, ఏమీ కాలేదు. కానీ ఆ కొన్ని నిమిషాల్లో జీన్‌కి ఒక విషయం తేలిపోయింది. ఈ మనిషికి బడ్డీ అంటే ప్రాణం, అయినా ఆ ప్రాణం గ్లాసు తర్వాతే. ప్రేమ లేక జరిగుంటే క్షమించడం సులువు. ప్రేమ ఉండగానే జరిగింది, అందుకే క్షమించలేకపోయింది.

బ్యాడ్ ఆ తర్వాతే నిజంగా కూలబడతాడు. స్నేహితుడు వేన్ అండతో చికిత్సకి వెళ్తాడు, మానేస్తాడు. వేన్‌గా చేసింది రాబర్ట్ డువాల్. మానేసి తిన్నగా జీన్ గుమ్మం ముందు నిలబడతాడు. తప్పు ఒప్పుకుంటాడు, అందులో నటన లేదు. ఆమె వెళ్ళిపొమ్మంటుంది. మీకు అన్యాయం అనిపించింది ఇక్కడే.

మా పెద్దాయన సంగతి పూర్తి చేస్తాను. పచ్చకామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డాక తాగుడు మానేశారు. నిజంగానే మానేశారు, మళ్ళీ ముట్టలేదు. ఆరు నెలలు గడిచాక కూతురింటికి వెళ్ళారు, నన్ను కూడా వెంటబెట్టుకుని. ఆ అమ్మాయి కాళ్ళకి నీళ్ళిచ్చింది, ఆకు వేసి కొసరి కొసరి వడ్డించింది, నాన్నగారూ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడింది. సాయంత్రం ఈయన మనవణ్ణి బండి మీద అలా సెంటర్ దాకా తిప్పుకొస్తానన్నారు. "వద్దు నాన్నగారూ, వాడు ఇంట్లోనే ఉంటాడు" అంది. గొంతు పెంచలేదు. పిల్లాడి చెయ్యి మాత్రం పట్టుకునే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పెద్దాయన ఒకటే బాధ. "ఆరు నెలలైందిరా మానేసి, ఇంకా ఏం చెయ్యాలి నేను?" అన్నారు. నాకూ ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది.

ఆ కోపం తగ్గడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయన లెక్కలో ఆరు నెలలున్నాయి. ఆ అమ్మాయి లెక్కలో చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర చీకటిపడేదాకా నాన్న కోసం నిలబడ్డ సాయంత్రాలున్నాయి. మానేయడం ఆయన ఆరోగ్యానికి ఆయన చేసుకున్న మేలు. దాన్ని కూతురికి తీర్చిన బాకీ కింద జమ కట్టుకున్నారు, మేమంతా కట్టమన్నాం కూడా. బ్యాడ్ జీన్ గుమ్మంలో చేసింది అదే. మానేశాను కాబట్టి మళ్ళీ మొదలుపెడదాం అన్న ఆశతో వచ్చాడు. మారిన మాట నిజమే, కానీ మారినందుకు బదులుగా ఏదో కావాలని ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు చివరి సీను చూడండి. పదహారు నెలల తర్వాత. టామీ స్టేజీ మీద ఆ కొత్త పాట పాడుతున్నాడు, జనం వింటున్నారు. బ్యాడ్ చేతికి పెద్ద మొత్తానికి చెక్కు వస్తుంది. జీన్ వస్తుంది, వేలికి ఉంగరం ఉంది, ఇంకొకరితో పెళ్ళి కుదిరింది. బ్యాడ్ ఆ చెక్కుని ఆమె చేతికిస్తాడు, బడ్డీ కోసం. ఆ పాట మొలకెత్తింది జీన్ ఇంట్లోనే, ఆమె మంచం మీద గిటారు పట్టుకుని కూర్చున్నప్పుడు. మంచి పాటలు ఎక్కడో ముందే విన్నట్టుంటాయని అతను అన్నది కూడా అప్పుడే. ఆ పాట సంపాదించిన డబ్బు ఆమె కొడుక్కే వెళుతోంది. బదులుగా బ్యాడ్ ఈసారి ఏమీ అడగడు. ఉంగరం చూసి కూడా ముఖం చిన్నబుచ్చుకోడు. నా దృష్టిలో అతను నిజంగా మారింది ఈ సీనులోనే, చికిత్స కేంద్రంలో కాదు. జీన్ గుమ్మం దగ్గరే సరేనని ఉంటే ఈ మనిషిని మనం చూసేవాళ్ళం కాదు.

మంచి పాట మనిషిని బాగుచేస్తుందన్న నమ్మకం మనకి చాలా ఉంది. కంట్రీ సంగీతంలో జార్జ్ జోన్స్ అనే మహా గాయకుడు ఉండేవాడు. తాగి ప్రోగ్రాంలు ఎగ్గొట్టడంలో ఎంత పేరుమోశాడంటే, ఒక్క 1979లోనే 50కి పైగా ఎగ్గొట్టాడని చెబుతారు. 1980లో అతను పాడిన ఒక పాట కంట్రీ సంగీతంలోనే గొప్ప పాటల్లో ఒకటిగా నిలిచిపోయింది. ఇంత విషాదంగా ఉంటే ఎవరు కొంటారని పాడేటప్పుడు అతనికే నమ్మకం లేదు. హిట్టయింది, అవార్డులొచ్చాయి. తాగుడు మాత్రం ఆగలేదు. 1999లో తాగి బండి నడిపి ప్రాణం మీదికి తెచ్చుకున్నాక గానీ పూర్తిగా మానలేదు. పాటకీ బాగుపడటానికీ మధ్య 19 ఏళ్ళు.

మీ ఫిర్యాదులో నిజం లేదని కూడా అనను. జీన్ బ్యాడ్‌కి అంత త్వరగా ఎందుకు దగ్గరైందో సినిమా సరిగ్గా చెప్పదు. బ్రిడ్జెస్‌కీ జిలెన్‌హాల్‌కీ మధ్య 28 ఏళ్ళ తేడా ఉంది. ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి ఆ మనిషిలో ఏం చూసిందో ఇంకో రెండు సీన్లు ఉంటే తెలిసేది. చికిత్స భాగం కూడా చాలా తొందరగా ముగించేశారు. మానేసిన మొదటి నెలల నరకం చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ తొందర బాధ కలిగించింది. జిలెన్‌హాల్ తన నటనతో ఆ ఖాళీని చాలావరకు పూడ్చింది.

'టెండర్ మెర్సీస్' తప్పకుండా చూడండి. రెండూ ఒకటే అన్నవాళ్ళు మొదటి పది నిమిషాలే చూసి ఉంటారు. వేన్‌గా కనిపించిన రాబర్ట్ డువాల్ అందులో హీరో, మ్యాక్ స్లెడ్జ్ అనే పాడైపోయిన గాయకుడు. తన పాత్ర పాటలన్నీ తనే పాడాడు, రెండు తనే రాసుకున్నాడు కూడా. ఆ పాత్రకి ఆస్కార్ వచ్చింది, కథ రాసిన హోర్టన్ ఫుట్‌కీ వచ్చింది. దర్శకుడు బ్రూస్ బెరెస్‌ఫోర్డ్ ఆస్ట్రేలియా ఆయన, కథ జరిగేది మాత్రం టెక్సాస్ పల్లెలో.

మ్యాక్ తాగి ఒక చిన్న మోటెల్లో పడతాడు, లేచేసరికి గది అద్దెకి డబ్బుల్లేవు. మోటెల్ నడిపే రోసా లీ భర్తని వియత్నాం యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి, చిన్న కొడుకున్నాడు. పని చేసి అద్దె తీర్చుకో, పనిలో ఉండగా తాగకు అంటుంది. అతను మానేస్తాడు. అది కూడా పెద్దగా చూపించరు. వాళ్ళ పెళ్ళి సంగతి కూడా ఒక్క మాటతో దాటేస్తారు. బ్యాడ్‌కి దొరకని కుటుంబం మ్యాక్‌కి దొరుకుతుంది. చర్చిలో బాప్టిజం తీసుకుంటాడు. అంతా కుదుటపడింది అనుకున్నప్పుడు, మాజీ భార్యకి పుట్టిన కూతురు, ఏళ్ళ తర్వాత ఈ మధ్యే కలిసిన కూతురు, కారు ప్రమాదంలో చనిపోతుంది. అతని తప్పేమీ లేదు. క్రేజీ హార్ట్‌లో తప్పుకి ఫలితం ఉంది, మనం దాన్ని ఒప్పుకోగలం. ఇక్కడ తాగుడు మానేసి, పద్ధతిగా బతుకుతున్నవాడి మీద దెబ్బ పడింది. కారణం ఎవరూ చెప్పరు.

ఆ తర్వాత మ్యాక్ ఇంటి పక్క కూరగాయల తోటలో కలుపు తీస్తూ భార్యతో మాట్లాడే సీను ఉంటుంది. తాను ఇంతకాలం ఎందుకు బతికాడో, కూతురు ఎందుకు పోయిందో తెలియడం లేదంటాడు. సంతోషాన్ని తాను నమ్మనంటాడు. రోసా లీ ఏ ఓదార్పు మాటా చెప్పదు, అలా నిలబడి వింటుంది. అతను పని ఆపడు. డువాల్ ఆ సీను మొత్తం ముఖం చూపించీ చూపించకుండా చేశాడు. మీరు జీన్ గురించి అడిగారు కదా, ఆ సీనులో రోసా లీని చూడండి. చూశాక ఏమనిపించిందో ఇక్కడే రాయండి, నేను చదువుతాను.